చెరువులో ట్యాంకు ఉందంటే నమ్మాలా? పాత మిలటరీ బండ్లను ఊరి కథల ద్వారా వెతకడం గురించి నా అనుభవం

మీరు అడిగింది ఇది. మీరు అల్వాల్‌లో ఉంటారు. శామీర్‌పేట దాటాక ఉన్న మీ అమ్మ పుట్టింటి ఊళ్లో, చెరువు కట్ట దగ్గర "రజాకార్ల ట్యాంకు" ఒకటి కూరుకుపోయి ఉందని మీ తాతగారు చిన్నప్పటి నుంచి చెబుతున్నారు. అది నిజమయ్యే అవకాశం ఉందా, ఉంటే ఎలా వెతకాలి, అసలు ఇలాంటి వదిలేసిన మిలటరీ బండ్లు కథలు విని పట్టుకోవచ్చా అన్నది మీ సందేహం.

పట్టుకోవచ్చు. నేను సికింద్రాబాద్‌లో చిన్న షెడ్డు పెట్టుకుని ముప్పై ఏళ్లుగా పాత జీపులు బాగుచేస్తున్నాను. నా చేతికి వచ్చిన బండ్లలో సగానికి పైగా ఎవరో ఒకరు చెప్పిన కథ పట్టుకుని వెళితే దొరికినవే. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒక్కటే. "బండి ఎక్కడుంది" అని అడిగితే ఊళ్లో ఎవరూ చెప్పలేరు. "ఆ బండి ఏం పని చేసేది" అని అడిగితే చెబుతారు. బండి ఎవరిదన్న విషయం మూడు తరాల్లో మారిపోతుంది. ఒకరు నిజాందంటారు, ఇంకొకరు రజాకార్లదంటారు. కానీ అది వడ్లు మోసిందా, కలప లాగిందా, గిర్ని తిప్పిందా అన్నది మాత్రం అంత తేలిగ్గా మారదు. ఆ పనితో బతికిన మనుషులు అక్కడే ఉంటారు కాబట్టి.

ముందు మీ "ట్యాంకు" సంగతి చూద్దాం. ఈ మాట దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. మన మాటల్లో ట్యాంకు అంటే మొదట గుర్తొచ్చేది నీళ్ల ట్యాంకు. హుస్సేన్ సాగర్ కట్టనే ట్యాంక్ బండ్ అని పిలుచుకునే ఊరు మనది. పదిహేనేళ్ల కిందట మేడ్చల్ వైపు ఒక ఊళ్లో "మిలటరీ ట్యాంకు" ఉందని విని వెళ్లాను. రోడ్డు మీద కలిసిన కుర్రాళ్లు తుపాకీ గొట్టం ఎంత పొడుగో చేతులు చాపి చూపించారు. తీరా వాళ్ల ముత్తాత వయసున్న ఒక పెద్దాయన దగ్గర కూర్చుంటే ఆయన చెప్పింది వేరు. "గది నీళ్ల ట్యాంకు బిడ్డా. పటాలపోళ్లు డేరాలేసుకున్నప్పుడు నీళ్లు తెచ్చేటిది. పోయేటప్పుడు ఇరుసు ఇరిగిందని ఇడిసిపెట్టిపోయిండ్రు." రెండు చక్రాల ట్రెయిలర్ మీద ఉండే మిలటరీ నీళ్ల పీపా అది. ఆయన చెప్పిన "మిలటరీ ట్యాంకు" అన్న మాట కొడుకు దాకా అలాగే వచ్చింది. మనవడి దగ్గరికి వచ్చేసరికి దానికి తుపాకీ మొలిచింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మాట అదే ఉంది, దాని అర్థం మారింది. ఆ పీపా ఇప్పటికీ ఒక మామిడితోటలో ఉంది. తుప్పు పట్టి అడుగు ఊడిపోయింది గానీ, డిస్క్ చక్రాలు మాత్రం గట్టిగా ఉన్నాయి.

మొదటి పరీక్ష మాట అర్థం. రెండో పరీక్ష దారి, అంటే సైన్యం ఆ ఊరి మీదుగా వెళ్లిందా అన్నది. హైదరాబాద్ సంస్థానం మీద భారత సైన్యం చేసిన పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబర్ 13న మొదలైంది, 18న నిజాం సైన్యాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. భారత సైన్యం ప్రధానంగా రెండు వైపుల నుంచి వచ్చింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి దళం షోలాపూర్ నుంచి నల్‌దుర్గ్, ఉమర్గా, జహీరాబాద్ మీదుగా. మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర దళం విజయవాడ నుంచి కోదాడ, మునగాల, సూర్యాపేట మీదుగా. ఈ రెండో దారిలో నిజాం సైన్యంలోని హైదరాబాద్ లాన్సర్స్ దళాలు హంబర్, స్టాగ్‌హౌండ్ అనే ఆర్మర్డ్ కార్లతో, అంటే ఇనుప కవచం ఉన్న బండ్లతో, ఎదురు నిలిచాయి. సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను వెనక్కి తగ్గుతూ పేల్చేశాయి. కాబట్టి కోదాడ, సూర్యాపేట దారిలో ఉన్న ఊళ్లో "మూత ఉన్న మిలటరీ బండి కాలిపోయింది" అని ఎవరైనా చెబితే నేను నోట్‌బుక్ తీస్తాను. శామీర్‌పేట ఆ రెండు దారుల్లోనూ లేదు. అది కరీంనగర్ వెళ్లే దారి. అక్కడ ట్యాంకుల యుద్ధం జరిగి ఒకటి చెరువులో మిగిలిపోయిందంటే నాకు నమ్మకం తక్కువ.

అలాగని కొట్టిపారేయకండి. శామీర్‌పేటకు దగ్గర్లోనే బొల్లారం ఉంది, తిరుమలగిరి ఉంది. 1806లో మొదలైన సికింద్రాబాద్ కంటోన్మెంట్ అది. అక్కడ తెల్లవాళ్ల పటాలాలు, ఆ తర్వాత మన సైన్యం శిక్షణ కేంద్రాలు, వర్క్‌షాపులు. చుట్టుపక్కల మైదానాల్లో ఏటా డేరాలు వేసి సాధన చేసేవాళ్లు. ఒక్క యుద్ధమూ జరగకుండానే ఆ ఊళ్లకు మిలటరీ బండ్లు వచ్చాయి, కొన్ని చెడిపోయాయి, వేలంలో కొన్ని అక్కడివాళ్లకే చేరాయి. మీ ఊరి చెరువులో ఏదైనా ఉంటే అది ఈ దారిలో వచ్చి ఉంటుందని నా అంచనా.

ఇంకో కథ కూడా మీ చెవిన పడుతుంది: "నిజాంకు విమానాల్లో ట్యాంకులు దిగినయ్" అని. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు లాంకాస్ట్రియన్ విమానాల్లో దొంగతనంగా హైదరాబాద్‌కు ఆయుధాలు చేర్చిన మాట నిజం. ఆ విమానాలు లాంకాస్టర్ బాంబర్ నుంచి తయారైనవి. తుపాకుల పెట్టెలు మోయగలవు. షెర్మన్ లాంటి ట్యాంకు 30 టన్నుల బరువు, అది వాటిలో పట్టే వస్తువు కాదు. నిజాం ఉండే కింగ్ కోఠీ ఆవరణలో బంగారం బరువుకు టైర్లు నేలలోకి దిగబడి అలాగే నిలిచిపోయిన లారీల కథ నేను కనీసం పది రకాలుగా విన్నాను. అలాంటి కథల్లో నేను బంగారాన్ని వదిలేసి లారీని పట్టుకుంటాను. ఏ కంపెనీ లారీ, ఎవరు నడిపారు, చివరికి ఎవరు ముక్కలు చేశారు అని.

ఇక ఈ బండ్లు జనంలోకి ఎలా వచ్చాయో చెబుతాను, ఎందుకంటే వెతికే దారి కూడా అదే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికన్, బ్రిటిష్ సైన్యాలు మన దేశంలో వదిలేసిన వేల బండ్లు "డిస్పోజల్" పేరుతో అమ్ముడయ్యాయి. పాత మెకానిక్కులు ఇప్పటికీ "డిస్పోజల్ బండి" అనే అంటారు. జీపులు, డాడ్జ్ వెపన్ క్యారియర్లు అనే చిన్న మిలటరీ ట్రక్కులు, కెనడాలో తయారైన ఫోర్డ్, షెవర్లే లారీలు అందులో ముఖ్యమైనవి. కొన్నవాళ్లు ఎవరు? కలప కాంట్రాక్టర్లు, రోడ్డు కాంట్రాక్టర్లు, గనుల వాళ్లు, సినిమా కంపెనీలకు బండ్లు అద్దెకిచ్చేవాళ్లు, గడీల్లోని దొరలు. ఆ తర్వాత తరం మన జబల్‌పూర్ బండ్లు. జర్మనీ మ్యాన్ కంపెనీ లైసెన్సుతో 1959 నుంచి తయారైన శక్తిమాన్ లారీ, నిస్సాన్ లైసెన్సుతో 1969 నుంచి వచ్చిన జీపు లాంటి జోంగా. ఈ సంవత్సరాలు గుర్తుంచుకోండి. "పోలీసు యాక్షన్ నాటి జోంగా" అని ఎవరైనా అమ్మజూపితే అది జరగని పని అని మీకు వెంటనే తెలుస్తుంది.

అలా కొన్న బండి ఇరవై ముప్పై ఏళ్లు పనిచేస్తుంది. పనిచేయడం ఆగిపోయాక ఎవరూ దాన్ని అలాగే వదిలేయరు. ఊళ్లలో ఇనుము వృథాగా పోదు. ముక్కలుగా విడిపోయి మళ్లీ పనిలోకి వెళుతుంది. ఇంజిన్ గిర్నీకో, బావి మీద మోటారుకో పోతుంది. ఇరుసు, చక్రాలు ఎడ్ల టైరు బండికి పోతాయి. కమాన్ పట్టీలు కమ్మరి కొలిమికి పోతాయి. మంచి ఉక్కు కాబట్టి వాటితో గొడ్డళ్లు, కొడవళ్లు చేస్తారు. చాసిస్, అంటే అడుగున ఉండే ఇనుప చట్రం, మాత్రం మిగులుతుంది. కోయడానికి కష్టం, మోయడానికి బరువు, అందుకే ఎక్కడో ఒకచోట పడి ఉంటుంది. కాబట్టి నేను ఏ ఊరు వెళ్లినా మొదట సర్పంచ్ ఇంటికి పోను. కమ్మరి దగ్గర కూర్చుంటాను. "ఈ పట్టీ యాడిది?" అంటే ఆయనకు తెలుస్తుంది. వెడల్పు, మందం చూసి లారీదా జీపుదా చెప్పగలడు. తండ్రి కాలంలో పట్టీలు ఎవరింటి నుంచి వచ్చాయో కూడా చెబుతాడు.

భువనగిరి అవతల ఒక ఊళ్లో జరిగింది వివరంగా చెబుతాను. అక్కడ రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ ఎక్కిన జీపు ఉందని కథ. ఎవరిని అడిగినా "ఉండె, ఇప్పుడు లేదు" అన్నారు. మూడోసారి వెళ్లినప్పుడు మధ్యాహ్నం ఎండకు ఒక అవ్వ ఇంటి ముందు వేప చెట్టు కింద ఆగాను. పక్కనే కోళ్ల గూడు. దాని మీద కప్పిన రేకు నన్ను ఆపేసింది. మామూలు రేకు కాదు, రెండు పక్కలా వంపు తిరిగిన మందపాటి రేకు. ముందు అంచున కొక్కెం పడే చోటు. జీపు బానెట్. అడిగితే అవ్వ అంది: "మా పెద్దాయన తెచ్చిండు బిడ్డా. గంప బోర్లిస్తే పిల్లులు లేపుతుండె. ఇది పెట్టినంక ఒక్క కోడి పోలే."

కిరసనాయిలులో తడిపిన గుడ్డతో ఒక మూల మెల్లగా రుద్దాను. పైన నీలం రంగు, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కింద మెరుపు లేని ముదురు ఆకుపచ్చ. పక్క అంచున తెల్లగా 2, దాని పక్కన సున్నా. అమెరికా సైన్యం బండి నంబరును బానెట్ పక్కల మీద రాసేది. జీపుల నంబర్లు 20తో మొదలయ్యేవి. నా చేతులు వణికాయి. అప్పుడు నేను బండి గురించి అడగలేదు. "పెద్దాయన ఏం పని చేసేవాడు అవ్వా?" అన్నాను. కలప కాంట్రాక్టర్ దగ్గర డ్రైవర్ అంది. కాంట్రాక్టర్ చనిపోయాక జీతం బాకీ కింద జీపు ఇచ్చారట. కొన్నాళ్లు నడిపి, పెట్రోలుకు డబ్బు లేక ఇంజిన్ పక్క ఊరి గిర్నీకి అమ్మాడట. చాసిస్? "కాలువ మీదేసిండ్రు, ఎడ్లు దాటనీకె."

పొలం కాలువ మీద షాబాద్ బండలు పరిచిన చిన్న వంతెన అది. బండల కింద చాసిస్ ఉంది. కాలువలోకి దిగి ముందు భాగం చూశాను. రెండు పొడుగు పట్టీలను కలిపే ముందు అడ్డ కడ్డీ గుండ్రని గొట్టం. విల్లీస్ కంపెనీ జీపుకు అది గుండ్రంగా ఉంటుంది, ఫోర్డ్ కంపెనీ చేసిన జీపుకు పలకగా ఉంటుంది. యుద్ధకాలంలో ఈ రెండు కంపెనీలూ ఒకే జీపును సుమారు 6.4 లక్షల దాకా తయారుచేశాయి కాబట్టి ఈ తేడా ముఖ్యం. ఎడమ పట్టీ లోపలి వైపు, ముందు బంపర్ వెనక నంబరు రేకు ఉండాలి. రేకు లేదు, రివెట్ల రంధ్రాలు మాత్రమే ఉన్నాయి. ఆ వంతెనకు బదులుగా కొత్త సిమెంటు పలకలు వేయించి చాసిస్ తెచ్చుకోవడానికి 14 నెలలు పట్టింది. రజ్వీ ఆ జీపు ఎక్కాడనడానికి ఒక్క ఆధారమూ దొరకలేదు. అయినా ఆ కథ లేకపోతే నేను ఆ ఊరికి పోయేవాణ్నే కాదు. అవ్వ బానెట్‌కు డబ్బు తీసుకోలేదు. కోళ్ల గూడు మీదికి మంచి రేకు అడిగింది, తెచ్చి బిగించి వచ్చాను.

ఇలాంటి చోట గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లు కంటికి అలవాటు చేసుకోండి. యుద్ధకాలపు జీపు ముందు జాలీకి తొమ్మిది గాట్లు ఉంటాయి, తర్వాత మామూలు జనం కోసం వచ్చిన సీజే రకం జీపులకు ఏడు. యుద్ధకాలపుది ఎడమ వైపు స్టీరింగ్. వెనక తలుపు ఉండదు, స్టెప్నీ వెనక్కి బిగించి ఉంటుంది. పెట్రోలు పోసే మూతి డ్రైవర్ సీటు కింద. ఫోర్డ్ చేసినదైతే బోల్టుల తలల మీద కూడా చిన్న ఎఫ్ అక్షరం కనబడుతుంది. ఆ ఒక్క అక్షరం కోసం నేను పాత బోల్టులను వైర్ బ్రష్‌తో గంటల తరబడి తోమాను. బానెట్ ఎత్తుగా ఉబ్బి ఉంటే అది సీజే త్రీబీ, మహీంద్రా చాలా ఏళ్లు తయారుచేసినది. మన ఊళ్లలో "మిలటరీ జీపు" అని చూపించే వాటిలో ఎక్కువ భాగం ఇవే. అవీ పాతవే, అవీ మంచివే, కానీ వేరే బండి. చప్పుడు విని మాత్రం తేల్చకండి. పెట్రోలు ఖర్చు భరించలేక సగం జీపుల్లో మటడార్ డీజిల్ ఇంజిన్ దించారు.

మన సైన్యం బండి అయితే నంబరు ప్లేటే వయసు చెబుతుంది. పైకి చూసే బాణం గుర్తు, దాని పక్కన రెండంకెలు. ఆ రెండంకెలు సైన్యం ఆ బండిని తీసుకున్న సంవత్సరం. ప్లేటు పోయినా బంపర్ మీద రంగు పొరల కింద ఆ బాణం మిగిలి ఉండవచ్చు. నీటితో తడిపి సన్నని ఎమెరీ కాగితంతో, ఒక్కో పొరా పోయేలా, ఓపికగా రుద్దండి. గ్రైండర్ పెట్టారంటే చరిత్ర మొత్తం ఒక్క నిమిషంలో పోతుంది. బ్రిటిష్ కాలపు నంబర్లలో మొదటి అక్షరం చూడాలి. లారీకి ఎల్, చిన్న ట్రక్కుకు జెడ్, కారుకు ఎం, ఆర్మర్డ్ కారుకు ఎఫ్, ట్యాంకుకు టీ.

కెనడా లారీలు జీపుల కంటే తేలిగ్గా దొరుకుతాయి, కానీ వాటిని ఎవరూ పట్టించుకోరు. బ్రేక్‌డౌన్ క్రేన్లు చూడండి. హైవే పక్కన, పాత షెడ్ల వెనక, ముక్కు పొట్టిగా, ముఖం చదునుగా, అద్దం పైభాగం ముందుకు, కిందిభాగం లోపలికి వాలినట్టు ఉంటే ఆగి చూడండి. పై నుంచి విమానాలకు ఎండలో మెరుపు కనబడకూడదని అద్దాన్ని అలా వాల్చారు. ఆ ముఖం ఇంకే లారీకీ లేదు. ఫోర్డ్ అయినా షెవర్లే అయినా పైకి ఒకేలా ఉంటాయి, బానెట్ ఎత్తితే ఫోర్డ్‌కు వీ ఎయిట్ ఇంజిన్, షెవర్లేకు వరసగా ఆరు సిలిండర్లు. లారీని కోసేసినా క్రేన్ పనికొస్తుంది కాబట్టి ఇవి అరవై డెబ్బై ఏళ్లు బతికాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఆటోనగర్ల వెనక సందుల్లో నేను ఇలాంటివి చూశాను. వాటి ఓనర్లకు ఆ బండి పుట్టింది ఏ దేశంలోనో తెలియదు. "మా నాన్న తెచ్చిండు, ఇంకా లాగుతది" అంటారు.

మనుషులను అడిగే తీరు గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇందులో నేను చేసిన తప్పు వల్ల ఒక బండి పోయింది. చేవెళ్ల వైపు ఒక పాడుబడ్డ షెడ్డులో డాడ్జ్ వెపన్ క్యారియర్ చూశాను. నాలుగు చక్రాలూ ఉన్నాయి, ముందు బరువులు లాగే విన్చి కూడా ఉంది. సంతోషం ఆపుకోలేక అక్కడే ఫోన్ తీసి ఫొటోలు తీశాను, ఇద్దరు స్నేహితులకు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను. ఆ ఇంటి అన్నదమ్ములు విన్నారు. వారంలో మళ్లీ వెళితే అన్నదమ్ముల మధ్య ఆ బండి ఎవరిదని గొడవ. నెలకు తుక్కు వ్యాపారి వచ్చి గ్యాస్ కట్టర్‌తో కోసి కిలోల లెక్కన తూకం వేసుకుపోయాడు. గొడవ తెగకపోతే సగం సగం పంచుకోవడమే మార్గమని వాళ్లు అనుకున్నారు. నేను వెళ్లేసరికి నేల మీద నల్లటి ఆయిల్ మరక, కోసిన చోట రాలిన ఇనుప బొట్లు మాత్రం ఉన్నాయి. అప్పటి నుంచి మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఫోన్ జేబులోంచి తీయను. ధర మాట ఎత్తను. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో తెలుసుకుని, అందరూ ఉన్న రోజు మళ్లీ వస్తానని చెప్పి వస్తాను.

పెద్దవాళ్లను అడిగేటప్పుడు సంవత్సరం అడగకండి. "1950లోనా తాతా?" అంటే అవునంటారు. మిమ్మల్ని నొప్పించడం ఇష్టం లేక. వాళ్ల కాలెండర్ వేరు. పోలీసు యాక్షన్‌కు ముందా తర్వాతా, జాగీర్లు పోయినప్పుడా, నాగార్జునసాగర్ కట్టేటప్పుడా, అరవై తొమ్మిది ఉద్యమం నాటికి బండి నడుస్తుండెనా, డెబ్బై రెండు కరువులో దాంతో నీళ్లు తెచ్చారా అని అడగండి. సాగర్ పునాది 1955 డిసెంబర్‌లో, ప్రారంభం 1967 ఆగస్టులో. ఇలా రెండు గుర్తుల మధ్య బండిని ఇరికిస్తే కాలం తేలుతుంది.

ఇంకో పద్ధతి నాకు చాలా ఉపయోగపడింది. విల్లీస్ జీపు, డాడ్జ్, కెనడా లారీ, శక్తిమాన్, జోంగా ఫొటోలు పోస్ట్‌కార్డు సైజులో ప్రింట్ తీయించుకోండి. వాటిలో మన దగ్గర ఉండే అవకాశం లేని బండి ఫొటో కూడా ఒకటి కలపండి. నేను యుద్ధకాలపు జర్మన్ సైన్యం కారు ఫొటో పెట్టుకుంటాను. అన్నీ ఒకేసారి నేల మీద పరిచి మాట్లాడకుండా ఉండండి. నిజంగా చూసినవాళ్లు ఒక ఫొటో మీద వేలు పెట్టి, ఫొటోలో లేని విషయం చెబుతారు. "దీనికి ఎన్కల గొలుసు ఉంటది" అనో, "చలికాలం తోస్తేనే స్టార్ట్ అయ్యేది" అనో. ఆ మాట వినబడిందంటే మీరు సరైన మనిషి దగ్గర ఉన్నట్టు. జర్మన్ కారు మీద వేలు పెట్టి ఇదేనన్నవాళ్లకు కూడా మర్యాదగా దండం పెట్టి టీ తాగి రండి. వాళ్ల పక్కింటివాళ్లకు తెలిసి ఉండవచ్చు.

పాతబస్తీ ఉస్తాద్‌లను, రాణిగంజ్ పాత స్పేర్ పార్ట్స్ షాపుల్లోని పెద్దవాళ్లను మర్చిపోకండి. బండి ఊళ్లో ఉన్నా దాని సామాన్లు కొనడానికి డ్రైవర్ ఇక్కడికే వచ్చేవాడు. "జనగామ నుంచి ఒకాయన ఎడమ స్టీరింగ్ జీపుకు సామాను తీస్కపోతుండె" అని ఒక చాచా చెప్పిన ఒక్క వాక్యం నాకు రెండేళ్ల పని ఇచ్చింది.

బండి దొరికితే కాగితాలు చూడండి. సైన్యం వేలంలో ఇచ్చిన అమ్మకం కాగితం గానీ పాత ఆర్‌సీ గానీ లేకపోతే రోడ్డు మీదికి తేవడం చాలా కష్టం. వేలం కాగితాన్ని పాత ట్రంకు పెట్టెల్లో పొలం పాసుపుస్తకాల మధ్య వెతికించండి, అక్కడే ఉంటాయి. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు రెండు, నాలుగు చక్రాల బండ్లకు 2021 నుంచి కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. నంబరులో వీఏ అని వస్తుంది, కొత్తగా చేయించడానికి 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల గడువు. బండి అసలు రూపంలో ఉండాలి. కాబట్టి మార్పులు చేయకముందే ఈ నిబంధన చదవండి. మరో మాట, కంటోన్మెంట్ సరిహద్దు గోడల లోపల కనబడే ఏ బండీ వదిలేసింది కాదు. అక్కడ ఫొటో కూడా తీయవద్దు.

చెరువు, బావి విషయంలో దయచేసి జాగ్రత్త. ఏళ్లుగా వాడని బావిలోకి దిగవద్దు, లోపల ఊపిరాడక మనుషులు పోతారు. సైన్యం సాధన చేసిన మైదానాల దగ్గర మట్టిలో ఇనుప గుండు లాంటిది కనబడితే తాకకుండా, గుర్తు పెట్టుకుని, వెనక్కి వచ్చి 112కు ఫోన్ చేయండి. పాత గుండ్లు తుప్పు పట్టినా పేలతాయి. చెరువు పూడిక తవ్వాలంటే పంచాయతీకి, నీటిపారుదల అధికారులకు చెప్పే తవ్వాలి.

ఇప్పుడు మీ ఊరు. మే నెలలో చెరువు అడుగంటినప్పుడు వెళ్లండి. కట్ట దగ్గర బురద ఎండి పగుళ్లు వచ్చాక, ఇనుము ఉన్నచోట మట్టి తుప్పు రంగులోకి మారి ఉంటుంది. సన్నని ఇనుప చువ్వ గుచ్చుకుంటూ వెళ్లండి, రాయి తగిలిన చప్పుడుకూ రేకు తగిలిన చప్పుడుకూ తేడా చేతికే తెలుస్తుంది. జాలరులను తప్పకుండా అడగండి. వల ఎక్కడ చిక్కుకుంటుందో వాళ్ల తాతల నాటి నుంచి వాళ్లకు తెలుసు.

అంతకంటే ముందు, ఈ ఆదివారమే, మీ తాతగారి పక్కన కూర్చుని మూడు మాటలు అడగండి. దానికి చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టాలు ఉండెనా, టైర్లు ఉండెనా? టైర్లయితే ఎన్ని? మూడోది నవ్వకుండా అడగండి, ఆయన ఆలోచించుకునేదాకా ఆగండి: దానికి నల్లా ఉండెనా?